హైదరాబాద్ నుంచి టోక్యో: మూడున్నర గంటల తేడాకే నిద్ర పాడవుతుందా? ఏం చేస్తే బెటర్?

మియాపూర్_మెట్రో:
అందరికీ నమస్తే. నవంబర్ మూడో వారంలో ఆఫీస్ పని మీద టోక్యో వెళ్తున్నా, మొదటిసారి తూర్పు వైపు ప్రయాణం. ఇక్కడ మధ్యాహ్నం బయల్దేరి ఢిల్లీ, అక్కడ రాత్రి ఎనిమిదింటికి ఎక్కితే ఏడున్నర గంటల ఫ్లైట్, ఆదివారం పొద్దున అక్కడి టైం ఏడింటికి హనేడాలో దిగుతా. సోమవారం నుంచి గురువారం దాకా క్లయింట్ ఆఫీసులో వర్క్‌షాప్, రోజూ పొద్దున తొమ్మిదింటికే మొదలు, శుక్రవారం రిటర్న్. హోటల్ షినగావాలో.

అమెరికా వెళ్ళినవాళ్ళు వారం రోజులు పగలు రాత్రి తేడా తెలియకుండా తిరగడం చూశా కానీ ఇది మూడున్నర గంటలే కదా, అసలు జెట్ లాగ్ లెక్కలోకి వస్తుందా అని మా టీంలో అడిగితే సగం మంది ఏం కాదు అన్నారు, సగం మంది రెండో రోజు మీటింగ్‌లో కళ్ళు మూతలు పడతాయి జాగ్రత్త అన్నారు. నాకు అమెరికా కాల్స్ ఉంటాయి కాబట్టి రోజూ పడుకునేసరికి ఒంటిగంట, లేచేది ఎనిమిదిన్నర. బుధవారం నేనే ప్రెజెంటేషన్ ఇవ్వాలి, అది మాత్రం బాగా చెయ్యాలి, ఆరు నెలల పని దాని మీద ఉంది. ఇక్కడి నుంచే ఏమైనా ప్రిపేర్ అవ్వాలా, ఫ్లైట్‌లో పడుకోవాలా వద్దా, దిగాక మొదటి రోజు ఏం చెయ్యాలి, మెలటోనిన్ మాత్రలు వాడొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

బ్యాగ్‌ప్యాక్_బ్రో:
మూడున్నర గంటలకి ఇంత ఆలోచన అవసరం లేదు బ్రో. నేను బ్యాంకాక్, బాలి, సియోల్ అన్నీ తిరిగా, దిగగానే వాచ్ అక్కడి టైంకి మార్చేసి వాళ్ళు తిన్నప్పుడు తిని వాళ్ళు పడుకున్నప్పుడు పడుకోవడమే. మొదటి రోజు పగలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పడుకోవద్దు, రాత్రి పది దాకా ఆపుకుంటే మంచం ఎక్కగానే నిద్ర దానంతట అదే వస్తుంది. నీళ్ళు బాగా తాగు, ఫ్లైట్‌లో ఫ్రీగా ఇస్తున్నారని మందు ముట్టకు. అంతే.

నిషికసాయ్_వాసి:
బ్రో చెప్పింది టూర్‌కి వెళ్ళేవాళ్ళకి సరిపోతుందండి, సెలవులో పది గంటలకి లేచినా అడిగేవాళ్ళు ఉండరు. ఈయన కేసు వేరు. నేను టోక్యోలో చాలా ఏళ్ళుగా ఉంటున్నా, మా నిషికసాయ్ చుట్టుపక్కల మన ఐటీ వాళ్ళు బాగా ఉంటారు, హైదరాబాద్ నుంచి బెంగళూరు నుంచి వారానికీ పది రోజులకీ వచ్చిపోయేవాళ్ళని చూస్తూనే ఉంటా, అందరూ పడే ఇబ్బంది ఒక్కటే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఒక లెక్క చూడండి. గడియారాల తేడా మూడున్నర గంటలే కానీ మీ ఒంటికి పడే తేడా అంతకంటే ఎక్కువ. మీరు అక్కడ ఒంటిగంటకి పడుకుని ఎనిమిదిన్నరకి లేస్తున్నారు, అంటే టోక్యో టైంలో తెల్లారగట్ల నాలుగున్నరకి పడుకుని మధ్యాహ్నం పన్నెండుకి లేస్తున్నట్టు. వర్క్‌షాప్ తొమ్మిదింటికి ఉంటే మీరు ఏడింటికైనా లేవాలి. పన్నెండు ఎక్కడ, ఏడు ఎక్కడ? మీరు సర్దుకోవాల్సింది ఐదు గంటలు. అదే రాత్రి పదింటికి పడుకుని ఐదున్నరకి లేచే మనిషైతే ఆయన ఒంటికి టోక్యోలో పొద్దున తొమ్మిదింటికి లేచే అలవాటు ఉన్నట్టు, రెండు గంటలు ముందుకి జరిగితే చాలు. మీ టీంలో సగం మంది ఏం కాదన్నారు, సగం మంది అవుతుందన్నారు అంటే కారణం ఇదే అయ్యుంటుంది, ఎవరు ఎన్నింటికి లేస్తారో అడిగి చూడండి.

ఇంకోటి, తూర్పుకి వెళ్తే రోజు చిన్నదవుతుంది, నిద్ర రాకముందే పడుకోవాలి. మన ఒంట్లో గడియారం 24 గంటల కంటే కొంచెం ఎక్కువే తీసుకుంటుంది, అందుకే రోజూ ఓ గంట లేటుగా పడుకోమంటే ఎవరైనా పడుకుంటారు, గంట ముందు పడుకోమంటే మాత్రం మంచం మీద పడి ఫ్యాన్ చూస్తూ ఉంటారు. తూర్పు ప్రయాణంలో ఒళ్ళు రోజుకి సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది అంటారు. ఆ లెక్కన మీరు ఏమీ చెయ్యకుండా వస్తే గురువారానికి సెట్ అవుతారు, శుక్రవారం ఫ్లైట్ ఎక్కుతారు. బుధవారం ప్రెజెంటేషన్ అన్నారు కదా, అందుకే ఇండియాలో ఉండగానే మొదలుపెట్టమంటున్నా.

వచ్చే ముందు నాలుగు రోజులు రోజుకి ఇరవై నిమిషాలో అరగంటో ముందుకి జరుపుతూ రండి. ఒంటిగంట పన్నెండున్నర చెయ్యండి, తర్వాత పన్నెండు, బయల్దేరే ముందు రాత్రికి పదకొండున్నర. లేవడం కూడా అలాగే ఎనిమిది, ఏడున్నర, ఏడు. పడుకోవడం కంటే లేవడమే ముఖ్యం, లేవగానే బాల్కనీలోకి వెళ్ళి ఓ అరగంట వెలుతురులో నిలబడి కాఫీ తాగండి. దీనికోసం ఆ నాలుగు రోజులు అమెరికా కాల్స్ వేరేవాళ్ళకి అప్పజెప్పాలి, మేనేజర్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. గంటన్నర ఇక్కడే జరిపేస్తే టోక్యోలో మిగిలేది మూడున్నరే.

టోక్యో వచ్చాక కూడా కాల్సే కొంప ముంచేది. మన వాళ్ళు చాలామంది జెట్ లాగ్ జెట్ లాగ్ అంటారు కానీ కారణం వేరే, ఇండియాలో సాయంత్రం ఏడింటి స్టేటస్ కాల్ ఇక్కడ రాత్రి పదిన్నర, అక్కడ తొమ్మిదిన్నరకి ఉండే అమెరికా కాల్ ఇక్కడ అర్ధరాత్రి ఒంటిగంట, ముఖం మీద లాప్‌టాప్ వెలుగు పెట్టుకుని ఒంటిగంటన్నర దాకా మాట్లాడితే ఒళ్ళు ఇండియా టైంలోనే కూర్చుంటుంది. ఆ ఐదు రోజులు రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ లేవని ముందే క్యాలెండర్‌లో బ్లాక్ చేసెయ్యండి.

మియాపూర్_మెట్రో:
చాలా థాంక్స్ అన్నా, పన్నెండింటికి లేచే లెక్క చూస్తే భయమేసింది, నిజంగానే నాకు తొమ్మిది గంటల మీటింగ్ అంటే ఇక్కడ పొద్దున ఐదున్నర మీటింగ్ అన్నమాట. కాల్స్ విషయం ఇవాళే మేనేజర్‌తో మాట్లాడతా. ఫ్లైట్‌లో ఎట్లా మరి? ఎనిమిదింటికి ఎక్కితే నాకు నిద్ర రావడం కష్టమే. దిగాక హోటల్ రూం మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వమంటున్నారు, అప్పటిదాకా ఎక్కడ కూర్చోవాలి?

నిషికసాయ్_వాసి:
ఆ ఫ్లైట్ ఎలా ఉంటుందంటే, ఎనిమిదింటికి గాల్లోకి లేస్తే భోజనం పెట్టి ట్రేలు తీసేసరికి మన టైం పది దాటుతుంది, లైట్లు ఆర్పుతారు, మళ్ళీ దిగే రెండు గంటల ముందు, అంటే మన టైం ఒంటిగంటన్నరకి లైట్లు వేసి బ్రేక్‌ఫాస్ట్ అంటారు. మిగిలేది మూడున్నర గంటలు. అందులో మీకు ఒంటిగంటకి గానీ నిద్ర రాదు అంటే సరిగ్గా కునుకు పట్టే టైంకి ఆమ్లెట్ వాసన వస్తుంది.

అందుకని బయల్దేరే రోజు పొద్దున్నే ఐదున్నరకి, లేదా మీకు కుదిరినంత ముందుగా లేవండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఫ్లైట్‌లో పడుకోవద్దు, మధ్యాహ్నం తర్వాత కాఫీ టీ వద్దు. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్‌లోనే ఆరున్నరకి కడుపు నిండా కాకుండా ఏదో ఒకటి తినెయ్యండి. సీట్లో కూర్చోగానే ఎయిర్‌హోస్టెస్‌కి చెప్పండి, నాకు భోజనం వద్దు, బ్రేక్‌ఫాస్ట్‌కి కూడా లేపొద్దు అని, వాళ్ళకి ఇది అలవాటే, సీటుకి స్టిక్కర్ అంటించి వెళ్తారు కొన్నింట్లో. బెల్టు దుప్పటి పైన పెట్టుకోండి, లోపల పెట్టుకుంటే కుదుపులు వచ్చినప్పుడు చెక్ చెయ్యడానికి లేపుతారు. కళ్ళకి మాస్కు, చెవులకి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్, కిటికీ సీటు. తొమ్మిదింటికల్లా కళ్ళు మూసుకుంటే ఐదు గంటలు వస్తాయి, నిద్ర పట్టకపోయినా సినిమా మాత్రం పెట్టొద్దు, చీకట్లో కళ్ళు మూసుకుని ఉండటమే సగం రెస్ట్.

దిగాక హోటల్‌కి వెళ్ళి సూట్‌కేస్ ఇచ్చెయ్యండి, చెక్-ఇన్ ముందే అయినా ఫ్రంట్ డెస్క్ వాళ్ళు దాచిపెడతారు, డబ్బులు తీసుకోరు మామూలుగా. హనేడా నుంచి షినగావా కేక్యూ రైలు లైన్‌లో దగ్గరే. అక్కడి నుంచి బయటికి నడవండి, లోపల కేఫ్‌లో కూర్చోవద్దు. ఇంపీరియల్ ప్యాలెస్ చుట్టూ ఐదు కిలోమీటర్ల దారి ఉంది, ఆదివారం పొద్దున బోలెడంత మంది పరిగెడుతుంటారు, ఓపిక ఉన్నంత నడిచి ఏదో బెంచీ మీద కూర్చోండి. నవంబర్‌లో ఎండ చురుక్కుమనదు, చల్లగా ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మంచి నెల.

మూడింటికి రూం తాళం చేతికి వచ్చినప్పుడే అసలు ప్రమాదం. తెల్లటి దుప్పటి పరిచిన మంచం కనపడగానే ఐదు నిమిషాలు నడుం వాలుద్దాం అనుకుని వాలితే లేచేది రాత్రి ఎనిమిదికి, ఇంక తెల్లవార్లూ జాగారమే. పగలు అస్సలు పడుకోవద్దు అని బ్రో అన్నారు, నేను అంత గట్టిగా చెప్పను, నిద్ర ఆపుకోలేకపోతే ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని మంచం మీద కాకుండా కుర్చీలో పడుకోండి, మూడున్నర దాటాక అది కూడా వద్దు. నవంబర్‌లో ఇక్కడ నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు, ఐదింటికి కటిక చీకటి, మీకు అది మంచిదే, త్వరగా చీకటి పడితే ఒళ్ళు కూడా త్వరగా రాత్రి మోడ్‌లోకి వెళ్తుంది. ఆరున్నరకి భోజనం, తొమ్మిదికి టబ్‌లో వేడి నీళ్ళు నింపుకుని పావుగంట మునిగి కూర్చోండి, చిన్న బిజినెస్ హోటల్లో కూడా టబ్ ఉంటుంది, ఇక్కడి వాళ్ళు రోజూ చేసే పనే ఇది. బయటికొచ్చాక ఒంటి వేడి దిగుతుంటే నిద్ర ముంచుకొస్తుంది. పదిన్నరకి లైట్ తీసెయ్యండి.

కాఫీ రూల్ తెలిసిందే, మధ్యాహ్నం ఒకటి తర్వాత వద్దు, తాగిన ఐదు గంటలకి కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. ఇక్కడ గ్రీన్ టీ విషయం మన వాళ్ళు పట్టించుకోరు, మీటింగ్‌లో గ్లాసు ఖాళీ అవ్వగానే పోస్తుంటారు, సాయంత్రం కన్వీనియన్స్ స్టోర్‌లో చల్లటి బాటిల్ కొనుక్కుని రూంకి తెచ్చుకుంటారు, అందులో కూడా కెఫీన్ ఉంటుంది. సాయంత్రం పూట ముగిచా అని అడగండి, బార్లీ టీ, గోధుమరంగులో ఉంటుంది, అందులో కెఫీన్ ఉండదు, లాసన్, ఫ్యామిలీమార్ట్ లాంటి స్టోర్లలో ఎక్కడైనా దొరుకుతుంది.

ఫార్మా_విజయ:
నిషికసాయ్ గారు చెప్పినవన్నీ బాగున్నాయి, వెలుతురు గురించి ఒక్క మార్పు చెప్తాను, ఎందుకంటే అందరూ దిగగానే ఎండలోకి పరిగెత్తండి అంటారు, అది అందరికీ పనికిరాదు.

మనం రోజూ లేచే టైంకి రెండు మూడు గంటల ముందు ఒంటి ఉష్ణోగ్రత బాగా తక్కువకి పడిపోతుంది. ఆ పాయింట్ తర్వాత కంట్లో పడే వెలుతురు ఒంటి గడియారాన్ని ముందుకి జరుపుతుంది, మనకి తూర్పుకి కావాల్సింది అదే. ఆ పాయింట్‌కి ముందు పడే వెలుతురు వెనక్కి జరుపుతుంది, అంటే ఇంకా లేటుగా నిద్ర వచ్చేలా చేస్తుంది. ఎనిమిదిన్నరకి లేచే మనిషికి ఆ పాయింట్ మన టైం ఆరు ప్రాంతంలో ఉంటుంది, టోక్యోలో తొమ్మిదిన్నర. అంటే ఏమీ మార్చుకోకుండా వచ్చి, హనేడాలో ఏడింటికి దిగి తొమ్మిదిన్నర దాకా ఎండలో తిరిగితే చేతులారా వెనక్కి నెట్టుకున్నట్టు. మీరు ఇండియాలోనే గంటన్నర జరుపుకుని ఏడింటికి లేచే అలవాటు చేసుకుని వస్తే ఆ పాయింట్ నాలుగున్నర, టోక్యోలో ఎనిమిది. ఏడింటికి దిగి ఇమ్మిగ్రేషన్, లగేజ్, కస్టమ్స్ అయ్యేసరికి ఎనిమిది ఎలాగూ అవుతుంది. కాబట్టి ఎనిమిదిన్నర దాకా నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, ఆ తర్వాత తీసేసి మధ్యాహ్నం దాకా ఎంత వెలుతురు దొరికితే అంత. తర్వాతి రోజుల్లో రోజుకో గంట ముందు నుంచే బయటికి వెళ్ళొచ్చు. మబ్బుగా ఉన్నా పర్లేదు, మబ్బు రోజున కూడా బయట కొన్ని వేల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) వెలుతురు ఉంటుంది, మీటింగ్ రూంలో మహా అయితే మూడు నుంచి ఐదు వందలు. సోమవారం నుంచి ఆఫీసుకి ఒక స్టేషన్ ముందే దిగి నడవండి, లంచ్‌కి కూడా బయటికి వెళ్ళండి.

ఇదే జూన్‌లో వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, అప్పుడు టోక్యోలో నాలుగున్నరకే తెల్లారిపోతుంది, మన టైం ఒంటిగంట. కర్టెన్ సందులోంచి వెలుతురు వచ్చి మొహం మీద పడితే నిద్రా పోతుంది, గడియారమూ వెనక్కి పోతుంది. వేసవిలో వెళ్ళేవాళ్ళు రెండు కర్టెన్లూ పూర్తిగా మూసి, మాస్కు పెట్టుకుని పడుకోవాలి.

మెలటోనిన్ గురించి అడిగారు. తూర్పు ప్రయాణానికి పనిచేస్తుంది, కానీ ఇది నిద్రమాత్ర లాగా కొట్టి పడుకోబెట్టదు, రాత్రయింది అని ఒంటికి చెప్తుంది అంతే. చిన్న డోసు చాలు, అర మిల్లీగ్రాము నుంచి మూడు మిల్లీగ్రాముల దాకా, అక్కడి టైం పదింటికి, మొదటి మూడు నాలుగు రాత్రులు. పది మిల్లీగ్రాములవి కొనుక్కోవద్దు, ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పనిచేస్తుందని ఏమీ లేదు, పొద్దున మత్తుగా ఉంటుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చిందని ఇంకోటి వెయ్యొద్దు. ఇంటి దగ్గర ఒక రాత్రి వేసుకుని చూసుకోండి, తలనొప్పి గట్రా వస్తే అక్కడే తెలుస్తుంది. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. మద్యం తాగి ఈ మాత్ర అసలే వద్దు. జపాన్ మందుల షాపుల్లో ఇది మామూలుగా అమ్మరు, అక్కడ కొనుక్కుందాం అనుకోకండి, మీ వాడకానికి సరిపడా ఇక్కడి నుంచే స్ట్రిప్‌తో సహా తీసుకెళ్ళండి.

ఒక ముఖ్యమైన విషయం, జలుబు మాత్రలు బ్యాగులో పడేసుకునే ముందు వెనక కంపోజిషన్ చదవండి. సూడోఎఫెడ్రిన్ పది శాతం మించి ఉన్న మందులు జపాన్‌లోకి తీసుకెళ్ళడం నిషేధం, కోడీన్ ఉన్న దగ్గు మందులతో కూడా ఇబ్బంది వస్తుంది. డాక్టర్ రాసిచ్చిన నిద్రమాత్రలు ఉన్నవాళ్ళు ముందే జపాన్ ఎంబసీ సైట్‌లో రూల్స్ చూసుకోవాలి.

తంపనీస్_అమ్మాయి:
ఈ థ్రెడ్ చదివాక మా ఇంట్లో జరిగేది అర్థమైంది. మేము సింగపూర్‌లో ఉంటాం, ఇండియాకి రెండున్నర గంటలు ముందు. అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తే మర్నాటికే మామూలుగా ఉంటారు, మా తమ్ముడు వస్తే నాలుగు రోజులు పదకొండింటికి గానీ లేవడు, వాడు కుర్రాడు కదా వాడికే త్వరగా సెట్ అవ్వాలి అనుకునేదాన్ని. అమ్మ అక్కడ నాలుగున్నరకి లేచే మనిషి, ఇక్కడ ఏడు, ఇక్కడ ఏడాది పొడుగునా ఏడింటికే తెల్లారుతుంది కాబట్టి ఆవిడకి పెద్ద తేడానే తెలియదు. తమ్ముడు లేచేది అక్కడే తొమ్మిదికి.

అమ్మానాన్నలకి నిద్ర కంటే తిండి దగ్గర ఇబ్బంది. మేము రాత్రి ఏడున్నరకి భోజనానికి పిలిస్తే వాళ్ళకి అది సాయంత్రం ఐదు, టీ తాగే టైం, ఆకలి లేదంటారు, మళ్ళీ పదిన్నరకి వంటింట్లో చప్పుడవుతుంది. మొదటి రెండు రోజులు భోజనం ఎనిమిదిన్నరకి పెట్టి, మధ్యాహ్నం కొంచెం తక్కువ పెడితే సర్దుకుంటారు.

విజయ గారూ, మీరు మందుల గురించి చెప్పారు కాబట్టి అడుగుతున్నా, మా మామగారు ఇన్సులిన్ తీసుకుంటారు, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక డోసు, భోజనాల ముందు ఇంకోటి. జనవరిలో వస్తున్నారు, అర్ధరాత్రి ఫ్లైట్. టైం ఎలా మార్చాలి?

ఫార్మా_విజయ:
రెండున్నర గంటల తేడాకి మామూలుగా డాక్టర్లు పెద్ద మార్పులు చెప్పరండి, కానీ ఆయన షుగర్ ఎలా ఉంటుందో చూసేది వాళ్ళ డాక్టరే కాబట్టి టికెట్ చూపించి ఒకసారి అడిగి కాగితం మీద రాయించుకోమనండి, ఆ కాగితం ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో కూడా పనికొస్తుంది. భోజనం ముందు వేసుకునేది భోజనంతోనే వెళ్తుంది, ఫ్లైట్‌లో ట్రే ముందుకి వచ్చాకే వేసుకోవాలి, రాకముందు వేసుకుని వాళ్ళు లేట్ చేస్తే షుగర్ పడిపోతుంది. రాత్రి డోసు గురించి డాక్టర్ చెప్పినట్టే. ఇన్సులిన్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టొద్దు, కింద లగేజ్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. చేతి సంచిలో పెన్ను, సూదులు, గ్లూకోమీటర్, నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, ఒక చక్కెర ప్యాకెట్. దిగిన మొదటి రెండు రోజులు మామూలు కంటే ఎక్కువసార్లు చెక్ చెయ్యండి, నడక ఎక్కువ, తిండి టైం మారింది, రెండూ కలిసి షుగర్ పడేస్తాయి.

బ్యాగ్‌ప్యాక్_బ్రో:
ఓకే, ఎనిమిదిన్నరకి లేచే లెక్క నేను ఆలోచించలేదు, నేను ఎలాగూ ఆరింటికి జిమ్‌కి వెళ్తా కాబట్టి నాకు తేడా తెలియదనుకుంటా. ఒక డౌట్ మాత్రం ఉంది, నాలుగు రోజుల పనికి వెళ్ళేవాళ్ళు అసలు అక్కడి టైంకి మారడం ఎందుకు? మళ్ళీ శుక్రవారం వెనక్కి రావాలి కదా, ఇండియా టైంలోనే ఉండిపోతే సరి, రెండుసార్లు కష్టం ఎందుకు అని మా ఆఫీసులో ఒక సీనియర్ అంటాడు.

నిషికసాయ్_వాసి:
మీ సీనియర్ చెప్పింది కరెక్టే, రెండు మూడు రోజుల ట్రిప్‌కి చాలామంది అదే సలహా ఇస్తారు, మీటింగులు మధ్యాహ్నం ఉంటే. ఇక్కడ తొమ్మిదింటి వర్క్‌షాప్ అడ్డం వస్తోంది. ఇండియా టైంలో ఉండిపోతే రోజూ పొద్దున ఐదున్నరకి మీటింగ్‌లో కూర్చున్నట్టు, పైగా ఇక్కడ తొమ్మిది అంటే ఎనిమిదీ యాభైకి అందరూ కుర్చీల్లో ఉంటారు. పదకొండున్నరకి పడుకుని ఏడింటికి లేవగలిగితే గెలిచినట్టే. తిరిగి వెళ్ళేటప్పుడు పడమర కాబట్టి తేలిక, ఒకటి రెండు రోజులు ఐదింటికి మెలకువ వస్తుంది, తొమ్మిదింటికి నిద్ర వస్తుంది, అంతే.

మియాపూర్_మెట్రో గారూ, ఇంకో రెండు ముక్కలు. ఆదివారం రాత్రి మీకు బ్రహ్మాండంగా నిద్ర పడుతుంది, ముందు రాత్రి ఫ్లైట్‌లో సగం నిద్రే కదా, ఆ అలసటకి ఎవరైనా పడిపోతారు. సోమవారం పొద్దున ఫ్రెష్‌గా లేచి జెట్ లాగ్ లేదు ఏం లేదు అనుకుని ఆ రాత్రి క్లయింట్ వాళ్ళతో డిన్నర్‌కి వెళ్ళి, ఇంకో చోటికి కూడా వెళ్దాం అంటే సరే అని, పన్నెండింటికి రూంకి వస్తారు. అప్పుడు మొదలవుతుంది, అలసట తీరిపోయింది, ఒళ్ళు ఇంకా ఇండియా టైంలోనే ఉంది, అక్కడ ఎనిమిదిన్నరే అయింది, నిద్ర రమ్మన్నా రాదు. రెండో రాత్రి, మూడో రాత్రే అసలు పరీక్ష, మీ బుధవారం ప్రెజెంటేషన్ సరిగ్గా దాని తర్వాతే ఉంది. కాబట్టి సోమ, మంగళ రాత్రులు ఆదివారం కంటే జాగ్రత్తగా ఉండండి. మొదటి డిన్నర్‌కి వెళ్ళండి, మర్యాద అది, రెండో చోటికి మాత్రం రేపు పొద్దున పని ఉందని నమస్కారం పెట్టి వచ్చెయ్యండి, ఎవరూ తప్పు పట్టరు. మంచం ఎక్కాక అరగంట అయినా నిద్ర రాకపోతే అక్కడే దొర్లకుండా లేచి, చిన్న దీపం వేసుకుని ఏదైనా పుస్తకం చదవండి, ఫోన్ మాత్రం ఛార్జింగ్ పెట్టి గది అవతలి చివర ఉంచండి.

ప్రెజెంటేషన్ స్లాట్ ఇంకా ఫిక్స్ కాకపోతే మధ్యాహ్నం రెండింటికి అడగండి, అప్పటికి ఇండియాలో పదిన్నర, మీ బుర్ర పూర్తిగా మేలుకుని ఉంటుంది. లంచ్‌లో మాత్రం రామెన్ నూడుల్స్ గిన్నెడు లాగించి వెళ్ళొద్దు, ఎవరికైనా కునుకొస్తుంది, రెండు ఒనిగిరి (ఇక్కడి అన్నం ముద్దలు) తిని బయట పదిహేను నిమిషాలు నడిచి లోపలికి వెళ్ళండి. శాకాహారులైతే ఉమే అని అడగండి, లోపల ఉప్పులో ఊరిన పుల్లటి కాయ ఉంటుంది, మన ఊరగాయ అన్నం తిన్నట్టే ఉంటుంది. ఉమే లోనూ చేపల పొడి కలిపేవి కొన్ని ఉంటాయి కాబట్టి పట్టింపు ఉంటే ప్యాకెట్ మీద లేబుల్ ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూసుకోండి.

మియాపూర్_మెట్రో:
అందరికీ పేరుపేరునా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలే. మేనేజర్‌తో మాట్లాడా, వెళ్ళే ముందు నాలుగు రోజులు అమెరికా కాల్స్ మా టీంలో ఇంకొకరు చూస్తారు, టోక్యోలో ఉన్నన్ని రోజులు కూడా నన్ను పిలవరు. క్లయింట్ వాళ్ళకి మెయిల్ పెడితే బుధవారం ఒకటిన్నరకి స్లాట్ ఇచ్చారు, నేను అడిగిన రెండుకి దగ్గరగానే ఉంది. విజయ గారూ, మెలటోనిన్ ఈ శనివారం ఇంట్లో వేసుకుని చూస్తా, నాకు బీపీ మాత్ర ఒకటి ఉంది రోజూ పొద్దున వేసుకునేది, దాంతో కలిపి ఇబ్బంది ఏమైనా ఉంటదా?

ఫార్మా_విజయ:
కొన్ని బీపీ మందులతో పడదండి, మాత్ర పేరు చూడకుండా నేను సరే అనలేను. శనివారం వేసుకునే ముందే ఆ స్ట్రిప్ తీసుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించండి. వద్దంటే మానెయ్యండి, వెలుతురు, టబ్, కాల్స్ ఆపడం, ఈ మూడూ సరిగ్గా చేస్తే మాత్ర లేకపోయినా మీ పని అయిపోతుంది. బీపీ మాత్ర మాత్రం టోక్యోలో కూడా పొద్దున లేవగానే వేసుకోవచ్చా, మొదటి రోజు ఎన్నింటికి వేసుకోవాలి అన్నది అదే విజిట్‌లో అడిగెయ్యండి.